మైకు పట్టిన మా బావ ఎబినేజరు

మా బావ పేరు ఎబినేజరు. పుట్టింది ఘనా దేశంలో కుమాసి అనే ఊళ్ళో. ఉండేది నందిగామలో. జగ్గయ్యపేట నుంచి కంచికచర్ల దాకా ఎక్కడ కబడ్డీ పోటీలు పెట్టినా ఫ్లెక్సీ మీద ఆటగాళ్ళ కంటే ఆయన ఫొటోనే పెద్దగా వేస్తారు. అలాగని ఆయన ఏనాడూ కబడ్డీ ఆడలేదు. ఆడింది ఫుట్‌బాల్.

కుర్రతనంలో ఒక ఏజెంటు, కలకత్తాలో పెద్ద క్లబ్బులో చేర్పిస్తానని వెంటబెట్టుకొచ్చాడు. ఆ క్లబ్బు గేటు దగ్గరికెళ్తే ఈయన పేరే ఎవరికీ తెలియదు. ఏజెంటు ఫోనెత్తడం మానేశాడు. ఎవరో చెబితే రైలెక్కి కేరళ పోయాడు. మలప్పురం వైపు జట్టుకి ఏడుగురు చొప్పున ఆడే పోటీలుంటాయి, సెవెన్స్ అంటారు. వరికోతలయ్యాక పొలాల్లోనే గ్యాలరీలు కట్టి, టిక్కెట్లు పెట్టి ఆడిస్తారు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళకి అక్కడ మంచి గిరాకీ. బావ డిఫెండరు. కొన్ని సీజన్లు బాగా నడిచింది. చాయ్ దుకాణాల్లో ముసలాళ్ళు కూడా గుర్తుపట్టి పలకరించేవారట.

ఒక సెమీఫైనల్లో ఎదుటి జట్టువాడు జారుకుంటూ వచ్చి కుడి మోకాలి మీద పడ్డాడు. లోపల పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైందని బావ చెబుతాడు. ఆపరేషనయింది. జట్టు మేనేజరు మొదట్లో రెండుసార్లు వచ్చి చూశాడు, తర్వాత రాలేదు. రోజూ వచ్చింది నర్సు. ఆ నర్సు, నర్సింగు చదివి అక్కడే ఉద్యోగంలో చేరిన మా అక్క పరిమళ.

అక్క మోకాలి కింద వేలితో నొక్కి, "ఇక్కడ ఏమన్నా తెలుస్తోందా?" అని అడిగేది.

"లేదు సిస్టర్."

అరచెయ్యంత మేర ఆయనకి ఇప్పటికీ అక్కడ స్పర్శ లేదు.

పెళ్ళి చేసుకుంటానని అక్క ఫోన్లో చెప్పినప్పుడు మా నాన్న ఏలీయా మాస్టారు ఫోను మా అమ్మకిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ ఆదెమ్మ మాత్రం, "నర్సుగా ఎంతమందిని చూసుంటది, దానికి తెలుస్తదిలే" అంది. నందిగామలో మా చర్చిలోనే పెళ్ళయింది. వీధి వీధంతా చూడ్డానికొచ్చింది.

పెళ్ళయ్యాక అక్క ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. బావకి పని లేదు. పొద్దున లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టీవీ ముందు కూర్చునేవాడు. సౌండు పెట్టేవాడు కాదు. ఫుట్‌బాల్ వస్తే ఛానెల్ మార్చేవాడు.

"బాధగా ఉందా బావా?" అని ఒకసారి అడిగా.

"లేదు శాంతీ. ఏమీ లేదు" అన్నాడు. నిజమే చెప్పినట్టనిపించింది.

ఆయనకి తెలుగు నేర్పింది నాన్న. అల్లుడు ఊరికే కూర్చోవడం చూడలేక పలక తెచ్చి అక్షరాలు దిద్దించాడు. చర్చిలో బైబిలు వాక్యం చదివే తెలుగు తప్ప వేరే తెలుగు పద్ధతిగా ఉండదని నాన్న నమ్మకం. దాంతో బావ మా వీధి కూరగాయలామెతో, "అమ్మా, ఈ వంకాయలు పుచ్చియున్నవి" అనేవాడు. ఆవిడ నవ్వి, మంచివి ఏరి ఇచ్చేది.

నేను కాలేజీలో ఆటలు నేర్పే పీడీని. చుట్టుపక్కల కబడ్డీ పోటీలకి రిఫరీగా వెళ్తుంటా. ఒక మే డేకి ముక్త్యాలలో పోటీలు. ఇంట్లో ఒక్కడే ఉంటాడని బావని కూడా బండి మీద తీసుకెళ్ళా. మధ్యాహ్నానికి మైకు చెప్పేవాడి గొంతు పూర్తిగా పోయింది. మైకు తెచ్చి బావ చేతిలో పెట్టా.

"నా వల్ల కాదు."

"స్కోరు చెబితే చాలు బావా."

బావ మైకు పట్టుకుని గీత పక్కకెళ్ళి నిలబడ్డాడు. కూతకి ఒకడు బయల్దేరాడు. స్పీకర్లోంచి వినిపించింది: "ఇదిగో, ఎర్ర చొక్కా ధరించిన కుమారుడు బయలుదేరెను. అతడు ఎడమకు చూచెను. కుడికి చూచెను. మూలనున్నవాడు మోకాలు వంచియున్నాడు, ఇప్పుడు పట్టుకొనును."

అన్నంతలోనే మూలనున్నవాడు ఎగిరి చీలమండ పట్టేశాడు.

జనం ముందు నవ్వారు. తర్వాత ఈలలు వేశారు. సిమెంటు లారీలు రోడ్డు పక్కన ఆపి డ్రైవర్లు దిగొచ్చారు. బావ మాత్రం నవ్వలేదు. ఆయన చూపంతా పట్టేవాళ్ళ కాళ్ళ మీదే. ఎన్నో ఏళ్ళు ఎదుటివాడి కాలు ఎటు కదుల్తుందో కనిపెట్టి బతికినవాడు కదా.

అక్కణ్ణించి పిలుపులు మొదలయ్యాయి. వీడియోలు ఫోన్లలో తిరిగాయి. ఒక టీవీ ఛానెలు ఫుట్‌బాల్ లీగుకి తెలుగు కామెంటరీ పెడుతూ ఆయన్ని హైదరాబాద్ పిలిచింది. కల్యాణ్ అనే ప్రొడ్యూసరు, "సార్, మాకు ఆ స్టైలే కావాలి. బయలుదేరెను, పడిపోయెను... జనం నవ్వాలి" అన్నాడు. బావ సరేనన్నాడు.

"మళ్ళీ ఫుట్‌బాల్ చూస్తుంటే ఎలా ఉంది?" అని అడిగా.

"అద్దం అవతల ఎవరో తింటున్నట్టుంది."

ఆ సీజన్లోనే ఒకరోజు తెర మీద ఒక ఆటగాడు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. బావ మామూలు తెలుగులో, "ఇతను లేవలేడు" అన్నాడు. ఇయర్‌ఫోన్లో కల్యాణ్, "సార్, స్టైల్ సార్" అన్నాడట. బావ ఇక నోరు విప్పలేదు. వాళ్ళు ప్రకటనలు వేసుకున్నారు. మరుసటి సీజనుకి పిలుపు రాలేదు. ఎందుకు పిలవలేదని బావ కనుక్కోనూ లేదు.

పోయిన ఫిబ్రవరిలో జగ్గయ్యపేటలో ఫైనల్సు. విరామంలో బావకి ఫోనొచ్చింది. పక్కకెళ్ళి మాట్లాడి, ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ మైకు దగ్గరికొచ్చాడు. రెండో సగమంతా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. కప్పు ఇచ్చేటప్పుడు గెలిచిన జట్టు పిల్లల పేర్లన్నీ చదివాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, చిల్లకల్లు దాటాక అన్నాడు.

"మా అమ్మ చనిపోయింది శాంతీ."

"ఎప్పుడు బావా?"

"ఇందాక ఫోనొచ్చింది కదా. మా చెల్లి."

"మరి మైకులో చెబుతూనే ఉన్నావుగా!"

"అవును. ఎవరో చెబుతుంటే వింటున్నట్టుంది నాకు."

వెళ్ళమని అక్క పట్టుబట్టింది. అక్కడ చావు కార్యక్రమం వారాల తర్వాత చేస్తారట, టైముంది. బావ తల అడ్డంగా ఊపాడు. "వెళ్తే ఏడవాలి. నాకు రావట్లేదు. ఊరంతా చూస్తుండగా ఊరికే ఎలా నిలబడను?"

మా అమ్మ ఊరుకోలేదు. "మా వదినకి కనీసం ఆదరణ కూడికన్నా పెట్టకపోతే ఎట్టా?" అంది. చావు జరిగిన ఇంట్లో ఓదార్పుగా పెట్టే ప్రార్థన అది. వియ్యపురాలిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. పండగలకి ఫోన్లో ఒకరి భాష ఒకరికి రాకపోయినా నవ్వుకునేవాళ్ళు, అంతే. బావ ఫోన్లో ఉన్న ఫొటోని పెద్దది చేయించి కుర్చీలో పెట్టింది. వీధిలోవాళ్ళు, కబడ్డీ కుర్రాళ్ళు, చర్చి సంఘం అందరూ వచ్చారు. పాటలయ్యాక వెస్లీ పాస్టరుగారు మైకు బావకిచ్చారు.

బావ తన భాషలో మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఆ భాష అంతసేపు వినడం మాకదే మొదలు. మెల్లగా, ఎక్కడా గొంతు పెరగకుండా చెప్పుకుపోయాడు. విదేశీ బోధకులొచ్చినప్పటి అలవాటుతో పాస్టరుగారు అనువాదం చెయ్యబోయి, నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. బావ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

అందరూ వెళ్ళాక అడిగా. "ఏం చెప్పావు బావా?"

"అమ్మ వేరుశెనగపప్పు నూరి కోడి పులుసు చేస్తది. అదెలా చెయ్యాలో చెప్పా. ఇంకేం గుర్తు రాలేదు."

అమ్మ అది విని, మర్నాడు ఆయన్ని పీట మీద కూర్చోబెట్టుకుని అడిగి అడిగి వండింది. బావ తిని, "ఇది అది కాదు అత్తయ్యా" అన్నాడు. మళ్ళీ వడ్డించుకున్నాడు.

తర్వాత రెండు పోటీలకి రానన్నాడు. చెవిటికల్లులో పెట్టినప్పుడు తనే బండెక్కి కూర్చున్నాడు. ఇప్పుడెక్కువగా మామూలు తెలుగులోనే చెబుతున్నాడు. జనం "బయలుదేరెను" అనమని అరుస్తారు. ఒక్కోసారి అంటాడు. ఒక్కోసారి వినపడనట్టు స్కోరు చదువుతాడు.