మూడో నంబరు బ్యాటరీ

మా బాబాయిని అందరూ వీడియో బాబాయి అంటారు. ముప్పై ఏళ్ళు ఎవరెవరి పెళ్ళిళ్ళో తీశాడు. పక్కనే పిన్ని లైటు పట్టుకుని నిలబడేది. లైటు పట్టుకున్న మనిషి బొమ్మలో పడదు కదా. పోయినేడు ఆవిడ కన్నుమూశాక వెతుక్కుంటే, ఇంట్లో ఊరందరి పెళ్ళి టేపులూ ఉన్నాయి గాని పిన్నిది ఒక్క ముక్క లేదు.

అప్పట్నుంచి ఆయన రోజూ నా స్టూడియోకి వచ్చి స్టూలు మీద కూర్చుంటున్నాడు. ఇంట్లో పలకరించే దిక్కు లేక వస్తున్నాడని నాకు తెలుసు. ఒప్పుకుంటేనా! "నువ్వెలా వెలగబెడుతున్నావో చూద్దామని వచ్చా" అంటాడు. అంత మొండి మనిషి నాకింకొకరు తెలీదు.

ఆయనకో పని కల్పిద్దామని మొన్న ఒక మాట వేశాను.

"నీ పాత కెమెరా నాకియ్యి బాబాయ్. ఆ పాతకాలం బొమ్మే కావాలని అడిగేవాళ్ళున్నారు. ఒక్క బ్యాటరీ గంటసేపు నిలబడితే చాలు."

బ్యాటరీలు ఐదున్నాయి. వాటికి ప్లాస్టరు ముక్కలు అంటించి నంబర్లు వేసింది పిన్నే. పరీక్షించడమూ ఆవిడ పనే. నిండా ఛార్జి చేసి, కెమెరాని గోడ గడియారం వైపు తిప్పి, రికార్డు నొక్కి వదిలేసేది. కెమెరా ఆగిపోయాక చూస్తే, టేపులో గడియారం ఆఖర్న ఎంత చూపిస్తే బ్యాటరీ అంతవరకూ బతికినట్టు. అందుకో పాత టేపుండేది. ప్రతిసారీ మొదటికి తిప్పి దాని మీదే తీసేది.

మూడో నంబరు మీద ఆవిడ ఎర్ర ఇంటూ మార్కు కొట్టింది. అది పోయింది, పారెయ్యమని ఆవిడ. దానికేం, గుండ్రాయిలా ఉందని ఈయన. రెండేళ్ళు పోట్లాడుకున్నారు. కాబట్టి మా బాబాయి దేంతో మొదలుపెట్టాడో వేరే చెప్పక్కర్లేదు.

"తొమ్మిదింటికి నొక్కి వచ్చా. గంటన్నర లాగకపోతే నన్ను పేరు మార్చి పిలువు" అన్నాడు నిన్న పొద్దున స్టూలు మీద కూర్చుంటూ.

"టేపు ఎక్కడిది?"

"ఆ పాతదే. దాన్లో ఏముంది, గోడా గడియారం. మధ్యమధ్యలో మీ పిన్ని వచ్చి..."

అక్కడ ఆగిపోయాడు. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

పిన్నికి కుదురు లేదు. పావుగంటకోసారి వచ్చి, ఎర్ర దీపం వెలుగుతోందో లేదోనని కెమెరాలోకి తొంగిచూసి, ఏదో ఒకటి గొణుక్కుని వెళ్ళేది. ఆఖరి నిమిషం కోసం టేపు గబగబా తిప్పేసే బాబాయికి ఆ గొణుగుడు ఎప్పుడూ అడ్డమే. ఇప్పుడు దాని మీద వట్టి గడియారం ఎక్కుతోంది. అప్పటికే తొమ్మిదీ నలభై.

స్కూటరు మీద వెనక కూర్చుని నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. రెండేళ్ళు ఆ బ్యాటరీ తరఫున వాదించిన మనిషి, దారి పొడవునా "పోయుండాలిరా, పోయుండాలి" అంటూనే ఉన్నాడు. నేనూ స్కూటరు ఎక్కడా ఆపకుండా తోలాను. పని కల్పించింది నేనే కదా.

ఇంటికెళ్ళేసరికి కెమెరా దీపం ఆరిపోయి ఉంది. ఎంతసేపటి కిందట ఆరిందో తెలీదు. ముందు టేపు తీసి, దాని మీద మళ్ళీ రికార్డవకుండా అంచునున్న చిన్న మీట జరిపాను. తర్వాత కెమెరాని కరెంటుకీ టీవీకీ కలిపి, టేపు మొదటికి తిప్పాను. తొమ్మిది. తొమ్మిదీ అయిదు. తొమ్మిదీ పదకొండు దగ్గర బొమ్మ చారలు చారలై చెదిరిపోయింది.

మళ్ళీ అదే గోడ. గడియారంలో మాత్రం నాలుగుంబావు. కాసేపటికి చెప్పుల చప్పుడైంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారిన పిన్ని మొహం తెరంతా నిండింది.

"నాలుగోది నయమే. ఆ మూడోదే పోయింది" అని గొణిగింది. "చెప్తే వింటారా ఈయన!"

బాబాయి టీవీకి ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"వింటున్నానే" అన్నాడు. "ఇంకోసారి చెప్పు."