వెనక సీట్లో బరువు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటినుంచీ నవ్వే. గుడివాడలో కార్ల లైట్లు, హారన్లు, వైరింగ్ పని చేసే షాపు నాది. ఫలానా మలుపులో తెల్లచీర కనిపించిందని ఏ డ్రైవరైనా అంటే, ముందు అతని బండి హెడ్‌లైట్లు చూసేదాన్ని. "రిఫ్లెక్టర్ మసకేసిందండీ, మార్పించుకోండి, ఆవిడ మళ్లీ కనిపించదు" అని చెప్పి పంపేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతాను.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివాను. "మెకానిక్ లేడా అమ్మా?" అని అడిగేవాళ్లకి "నేనేనండీ, బానెట్ ఎత్తండి" అనడం అలవాటైపోయింది. నా పని మీద నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇది రాస్తున్నాను.

మా అక్క పెడనలో ఉంటుంది. బందరులో ఒక ఆసుపత్రిలో నర్సు. బావగారు కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటూ, వారంలో ఎక్కువ రోజులు అక్కడే ఉండిపోతారు. పాత చిన్న కారు ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని నడపడం నేర్చుకోమని అక్కను పోరుపెట్టింది వాళ్ల అత్తగారు.

ఆవిడ కలంకారీ అద్దకం పని చేసిన మనిషి. రోజంతా నిలబడి బట్ట మీద అచ్చులు కొట్టిన చేతులు, దానికి తగ్గట్టే భారీ విగ్రహం. ఆవిడకు కారు నడపడం రాదు. ముందు కూర్చుంటే లారీలు మీదకొచ్చేస్తున్నట్టు ఉంటుందని ఎప్పుడూ వెనక సీటే. "నేనున్నాగా అమ్మాయ్, పోనియ్యి" అనేది. ఆ ఒక్క మాట మీదే అక్క బందరు రోడ్డెక్కింది. తెల్లవారుజాము డ్యూటీలకు కూడా వెంట వెళ్లి, ఆసుపత్రి దగ్గర దిగి, బస్సులో తిరిగొచ్చేది. ఏ అత్త చేస్తుందండీ ఇలా?

పోయిన వానాకాలంలో ఆవిడ గుండెపోటుతో పోయింది. అక్క మళ్లీ కారు తాళం ముట్టలేదు. తెల్లవారుజాము షిఫ్టుకు సరైన బస్సు లేదు. రోజూ ఆలస్యం, రోజూ మాటలు పడటం. ఆ ఉద్యోగమంటే అక్కకు ప్రాణం. అలాంటిది, చలికాలం వచ్చేసరికి "మానేస్తానే, నా వల్ల కాదు" అంది. కారు తియ్యమంటే లైట్లు గుడ్డిగా ఉన్నాయి, పొగమంచులో ఏమీ కనబడదు అంది.

లైట్లు అసలు కారణం కాదని నాకు తెలుసు. కానీ నేను మార్చగలిగింది లైట్లే కదా. ఎల్ఈడీ బల్బులు తీసుకుని పెడన వెళ్లాను.

బల్బు మార్చడం పెద్ద పనేమీ కాదు. మార్చాక వెలుగు ఎక్కడ పడాలో సరిచెయ్యడమే అసలు పని. కొంచెం పైకి పడినా ఎదుటి డ్రైవరుకు కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకే కారును గోడకు ఎదురుగా నిలిపి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, డిమ్ లైటు అంచు గోడ మీద ఎక్కడ తగులుతోందో చూసి స్క్రూలు తిప్పుతాం. వెనక బరువు పడితే కారు ముందు భాగం లేచి వెలుగు పైకి పోతుంది, అందుకని వెనక సీటు ఖాళీగా ఉంచుతాం. ఆ ఇంటి ఆవరణలో అత్తగారి అద్దకం షెడ్డుంది. దాని సున్నపు గోడే దొరికింది. పొద్దుగూకుతోంది. అక్క స్టీరింగ్ ముందు కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నేను గోడ మీద నల్ల టేపు అంటించి, రెండు లైట్లూ దాని అంచుకు సరిగ్గా తెచ్చాను.

చేతులు దులుపుకుంటూ గోడ పక్కనే నిలబడి ఉన్నాను. వెలుగు అంచు టేపు దాటి నాలుగు వేళ్లంత పైకి లేచింది. వెనక స్ప్రింగులు మూలిగిన చప్పుడు వినిపించింది.

అక్క ఫోన్లోంచి తల ఎత్తకుండానే అంది, "ఏమే, వెనకెక్కి ఊపుతావేంటి? లైటెలా సెట్టవుద్ది?"

అక్క తలెత్తి చూసింది. ఎదురుగా గోడ దగ్గర నేను. తర్వాత వెలుగు మెల్లగా దిగి టేపు మీదకు వచ్చింది. నాకు భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది.

అయినా ఊరుకోలేదు. టైర్లలో గాలి చూశాను, నాలుగూ సమానం. వెనక తలుపులు లాక్ వేసే ఉన్నాయి. బల్బులు బిగుతుగా ఉన్నాయి. నేల చదునైన సిమెంటు. చివరికి నేనే వెనక సీట్లో కూర్చుని చూశాను. వెలుగు లేచింది కానీ అంత లేవలేదు. నేను సన్నం.

మర్నాడు తెల్లవారుజామున అక్క ఒక్కతే కారు తీసింది. నేను వద్దనలేదు, రమ్మని తనూ అడగలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "దారి బ్రహ్మాండంగా కనబడుతోందే. కానీ ఎదురొచ్చే ప్రతివాడూ లైట్లు ఆర్పి వెలిగిస్తూ డిప్పర్ కొడుతున్నాడు, లైటు కళ్లల్లో పడుతున్నట్టుంది" అంది. వెళ్లి మళ్లీ గోడ దగ్గర చూశాను. టేపు మీదే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ కారులో స్టీరింగ్ పక్కన లైట్ల ఎత్తు మార్చే చిన్న చక్రం ఉంటుంది. డ్రైవరు ఒక్కరే అయితే సున్నా మీద ఉంచాలి. వెనక మనుషులుంటే ఒకటికి తిప్పాలి, లైటు ఆ మేరకు కిందికి దిగుతుంది. నేను ఒకటికి తిప్పి, అలాగే నడపమన్నాను. ఆ రోజునుంచి ఎవరూ డిప్పర్ కొట్టలేదు.

బావగారు వచ్చినప్పుడు అదే కారు, అదే రోడ్డు, సున్నా మీదే నడుపుతారు. ఆయన్ను ఒక్కరూ ఏమీ అనలేదు. నేను నడిపినా అంతే. ఇలా ఎందుకవుతుందో చెప్పమని నాకంటే సీనియర్లను అడిగాను. స్ప్రింగు అన్నారు, బుష్షు అన్నారు. రెండూ మార్చాను. ఏమీ మారలేదు.

అక్క ఉద్యోగం మానలేదు. ఈమధ్య ఇద్దరం కలిసి పెళ్లికి ఉయ్యూరు వెళ్తూ, నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక ఎవరూ లేరు కదా అని అలవాటు కొద్దీ చెయ్యి చాపి చక్రాన్ని సున్నాకు తిప్పబోయాను.

అక్క రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే నా చెయ్యి పక్కకు తీసేసింది.

"ఉండనియ్యవే" అంది.