శుక్రవారం రికార్డు

మా అపార్టుమెంటు లిఫ్టు మీట మీద బాణం గుర్తు అరిగిపోయింది. కొత్త మీట వేయించి మూడు నెలలు కాలేదు. కారణం నాకు తెలుసు. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన ఆ మీటను ఒకసారి నొక్కి ఊరుకోడు. లిఫ్టు కిందికి దిగేదాకా నొక్కుతూనే ఉంటాడు. ఎక్కువసార్లు నొక్కితే తొందరగా వస్తుందని నమ్మకం. ముప్పై ఏళ్ళు ఆఫీసుల్లో పనిచేసిన మనిషి, ఒక్కసారి అడిగితే ఏదీ రాదని ఆయన అనుభవం కావచ్చు. అసోసియేషన్ మీటింగులో ఈ సంగతి ఎత్తుదామని లేచి నిలబడ్డాను కూడా. మళ్ళీ కూర్చున్నాను. మీటలు నొక్కడం గురించి ఇంకొకరికి చెప్పే అర్హత నాకు లేదు. కడపలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ నేను చేసిన పని అదే.

ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక సందులో, బిర్యానీ హోటలుకూ సైకిల్ షాపుకూ మధ్య వీడియో గేముల కొట్టు ఉండేది. బోర్డు రాయించేంత గోడ లేదు కాబట్టి దానికి పేరు కూడా లేదు. యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. అప్పటికి ఆయనకు ముప్పై దాటి ఉండవు. లోపల బీరువా ఎత్తున నాలుగు మెషీన్లు. ఒకటి కొట్లాట ఆట. ఒకటి స్టీరింగు ఉన్న కార్ల ఆట. ఆ స్టీరింగు ఎడమకు తప్ప తిరిగేది కాదు, అయినా దాన్ని బాగా నడిపేవాళ్ళు మాలో ఇద్దరు ఉండేవాళ్ళు. ఒకదాంట్లో పసుప్పచ్చటి ముద్ద ఒకటి గోడల మధ్య చుక్కలు మింగుకుంటూ తిరిగేది. నాలుగోది విమానం ఆట. నేల ఎగుడుదిగుడుగా ఉండి అది ఊగుతుంటే, భాయ్ దాని కింద కడప బండ ముక్క దోపాడు. నేను నిలబడింది ఎక్కువగా ఆ బండ దగ్గరే.

ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. తెర అడుగున మన విమానం ఉంటుంది. పైనుంచి శత్రువుల విమానాలు దిగుతుంటాయి. ఎడమచేత్తో కర్ర తిప్పి తప్పించుకోవాలి, కుడిచేత్తో మీట నొక్కి కాల్చాలి. మూడుసార్లు కూలితే ఆట ముగిసినట్టు. అప్పటికి మన లెక్క, అంటే స్కోరు, అందరికంటే ఎక్కువగా ఉంటే, మూడు ఇంగ్లీషు అక్షరాలతో పేరు రాసుకొమ్మని మెషీను అడుగుతుంది. ఆ పేరు జాబితాలో మొదట నిలుస్తుంది. కరెంటు పోతే మాత్రం జాబితా మొత్తం చెరిగిపోతుంది. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు ఎలాగూ చెరిగిపోతుంది. మా కీర్తికి ఆయుష్షు ఒక పూట. వేసవిలో అదీ ఉండేది కాదు.

ఆ ఒక పూట కోసమే మేం బీకాం కాస్ట్ అకౌంటింగు క్లాసులు మానేవాళ్ళం. అందులో నాకు పశ్చాత్తాపం లేదు. నాకున్న పశ్చాత్తాపం వేరు.

శుక్రవారం మధ్యాహ్నం భాయ్ జుమ్మా నమాజుకు పోయేవాడు. పన్నెండున్నరకల్లా మమ్మల్నందరినీ బయటికి తోలి, షట్టరు నడుముదాకా దించేవాడు. మెషీన్లను మాత్రం ఆపేవాడు కాదు. పాత బోర్డులు, మాటిమాటికీ ఆపి వేస్తే కాలిపోతాయని ఆయన భయం. రెండున్నరకు మేం తిరిగి వచ్చేసరికి, విమానం ఆట జాబితాలో అన్నిటికంటే పైన ఒక లెక్క ఉండేది. మాలో ఎవరూ కలలో కూడా చేయనంత లెక్క. దాని పక్కన పేరు ఏ, ఏ, ఏ. అంటే అక్షరాలు మార్చకుండా మీట మూడుసార్లు నొక్కి వదిలేశారన్నమాట. ప్రతి శుక్రవారం ఇదే వరస.

దీనిమీద మాలో చర్చలు నడిచాయి. మెషీను తనంతట తానే ఆడుకుంటోందని కొందరు. కడప బండలు అమ్మే మండీ వాళ్ళబ్బాయి నా క్లాసుమేటు, నా ప్రాణ స్నేహితుడు. వాడు మాత్రం అది జిన్ను పనేనని తేల్చేశాడు.

"నమాజు పొద్దు మనుషులంతా మసీదులో ఉంటారు గదప్పా. కొట్టు ఖాళీ. జిన్నుకు పొద్దు పోవద్దా?"

"జిన్ను పేరు ఏ, ఏ, ఏ అని ఉంటాదా?"

"జిన్నుకు ఇంగ్లీషు శానా వస్తాదని ఎవురన్నా చెప్పినారా నీకు? ఒక్క అక్షరం వచ్చినట్టుంది, అదే మూడుసార్లు రాస్తాండాది."

భాయ్‌ని అడిగితే నవ్వి, "నాకేం తెలుసప్పా, నేను యాడ ఉంటి?" అనేవాడు.

ఒక శుక్రవారం నా నోట్సు మెషీను మీద మర్చిపోయాను. బస్టాండు దాకా పోయి, గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. షట్టరు సగమే దించి ఉంది. వంగి లోపలికి దూరాను.

విమానం మెషీను ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇంటర్ చదివే వయసు. దుపట్టా నడుముకు బిగించి కట్టుకుంది. పక్కన స్టూలు మీద భోజనం క్యారియరు. మెషీను కిందితలుపు తెరిచి ఉంది. లోపల రూపాయి బిళ్ళ పడకుండానే ఆట మొదలయ్యే మీట ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. భాయ్ చెల్లెలని క్యారియరును బట్టి అర్థం చేసుకున్నాను. ఆయన నమాజు నుంచి నేరుగా వచ్చి కొట్లోనే అన్నం తింటాడు.

తల తిప్పకుండానే, "అన్న లేడు. రెండున్నరకు రా," అంది.

"నా నోట్సు మర్చిపోయినా."

"తీసుకొని, పొయ్యేటప్పుడు షట్టరు ఇంకొంచెం కిందికి లాగి పో."

నోట్సు తీసుకున్నాను. పోలేదు. మేం ఆడేటప్పుడు కాల్చే మీటను అరిగిపోయేలా కొట్టేవాళ్ళం. సెకనుకు ఎన్నిసార్లు నొక్కగలిగితే అంత మొనగాడు. ఆమె చేయి మీట మీద ఉందా లేదా అన్నట్టుండేది. ఎప్పుడో ఒకసారి నొక్కేది, నొక్కినప్పుడల్లా ఏదో ఒకటి కూలేది. విమానాన్ని కూడా పెద్దగా తిప్పేది కాదు. ఇంత పక్కకు జరిగి నిలబడేది, గుండ్లు అన్నీ వాటంతట అవే పక్కనుంచి పోయేవి.

"అట్ల ఎట్ల ఆడతావు?" అన్నాను.

"అవి యాడ నుంచి వస్తాయో ముందే తెలుస్తాది గదా. ఆడ లేకుండా ఉంటే సరి."

మూడేళ్ళలో నాకెవరూ ఇంత స్పష్టంగా ఏదీ చెప్పలేదు, కాలేజీలో కూడా.

ఆట అయిపోయింది. మెషీను పేరు అడిగింది. ఆమె మీట మూడుసార్లు నొక్కింది.

"పేరు రాయవా?"

అప్పుడు నా వైపు తిరిగింది. "రాస్తే ఎవురో తెలుస్తాది గదా. చూడు, ఎవురికీ చెప్పొద్దు. చెప్తే మీవాళ్ళంతా ఈడ జేరతారు. జనం జేరితే అన్న నన్ను రావొద్దంటాడు. అనకున్నా మా అమ్మ అంటాది. నాకు వారానికి ఉండేది ఈ ఒక్క గంటే."

"చెప్పను."

"ఒట్టా?"

"ఒట్టు."

ఆ రోజుల్లో నేను ఒట్లు ధారాళంగా వేసేవాణ్ణి. అయినా దీన్ని నాలుగు శుక్రవారాలు నిలబెట్టాను. నా మట్టుకు అది కూడా ఒక రికార్డే. ఆ నాలుగు వారాలూ ఆమె చెప్పింది పెట్టుకొని ఆడాను. మీట తక్కువ నొక్కడం నేర్చుకున్నాను. శత్రువు రాకముందే చోటు ఖాళీ చేయడం కొంచెం కొంచెం పట్టుబడింది. నా లెక్క పెరిగింది. కొట్లో నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చేవాళ్ళు తయారయ్యారు. డిగ్రీలో నాకు దక్కిన గౌరవం ఇదొక్కటే.

అయిదో శుక్రవారం రెండున్నరకు షట్టరు లేచింది. ఏ, ఏ, ఏ యథాప్రకారం పైన ఉంది. నేను ఆటకు నిలబడ్డాను. ఆ రోజు చేయి ఎందుకో బాగా తిరిగింది. ఒక్కొక్కరే నా వెనక చేరారు. ముప్పావు గంటసేపు ఎవరూ దగ్గలేదు. బండల మండీ వాడు నా భుజం మీద నుంచి లెక్క చదువుతూ పోయాడు. ఇంకాస్త, ఇంకాస్త అంటుండగానే నా మూడో విమానం కూలిపోయింది. మెషీను జాబితా చూపించింది. నేను రెండోవాణ్ణి. చాలా కొద్దిలో తప్పింది.

వెనకనుంచి ఒకటే నవ్వు.

"జిన్ను చేతిలో ఓడిపోతివి గదప్పా!" అన్నాడు నా ప్రాణ స్నేహితుడు. "పోయి తాయెత్తు కట్టించుకో."

నేను తిరిగి, చాలా తాపీగా అన్నాను: "జిన్నే. కాకపోతే దీనికి జడ ఉండాది. వారం వారం వాళ్ళన్నకు క్యారియరు తెస్తాది."

కొట్టు దద్దరిల్లేలా నవ్వులు. నా జీవితంలో అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ అంత బాగా పేలిన జోకు లేదు. భాయ్ ఆ సమయంలో మూలన అన్నం తింటున్నాడు. ముద్ద చేతిలోనే ఆగింది. నావైపు చూశాడు. ఆ ముద్ద నోట్లో పెట్టుకొని, మిగిలింది క్యారియరులోనే ఉంచి మూత పెట్టేశాడు.

మరుసటి శుక్రవారం ఒంటిగంటకు కొట్టు ముందు పన్నెండు సైకిళ్ళు ఉన్నాయి. కొందరు రోడ్డు మీద బోర్లా పడుకొని షట్టరు కిందినుంచి తొంగి చూస్తున్నారు. ఒకడు ఈల వేశాడు. లోపలినుంచి మెషీను చప్పుడు రావడం ఆగిపోయింది. ఎంతసేపటికీ ఎవరూ బయటికి రాలేదు. భాయ్ నమాజు నుంచి వచ్చి, సైకిళ్ళను చూసి, షట్టరు తనకు పట్టేంత ఎత్తి లోపలికి పోయాడు. నేను పక్కనే సైకిల్ షాపు దగ్గర నిలబడి ఉన్నాను. పడుకున్నవాళ్ళలో నేను లేను. ఈ మాట చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తర్వాతి శుక్రవారం షట్టరు నేలదాకా దిగింది, తాళం కూడా పడింది. మెషీన్లు కూడా ఆపేశారు. భాయ్ అన్నానికి ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. మమ్మల్ని ఎవరినీ ఒక్కమాట అనలేదు. ఏ, ఏ, ఏ మళ్ళీ కనిపించలేదు. విమానం ఆటలో ఆ మిగిలిన ఏడాదంతా నేనే మొదటివాణ్ణి. మావాళ్ళు భుజం తట్టేవాళ్ళు.

ఆమెను ఇంకొక్కసారి చూశాను, పరీక్షల ముందు, బస్టాపులో. క్షమించమని అడగడానికి ఒక మంచి జోకు తయారుచేసుకొని దగ్గరికి పోయాను. బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. జోకు నా దగ్గరే ఉండిపోయింది.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. ఇళ్ళలోకి ఆటల డబ్బాలు వచ్చాయి, ఆపైన కంప్యూటర్లు, ఆపైన ఫోన్లు. నేను కర్నూలులో లెక్చరర్ని అయ్యాను. అదే విమానం ఆట ఇప్పుడు నా ఫోనులో ఉంది. అందులో కరెంటు పోదు, లెక్క చెరగదు. చూసేవాడు కూడా ఉండడు. జడ ఉన్న జిన్ను కథ మాత్రం క్లాసులో ఏటా చెబుతాను. పిల్లలు నవ్వుతారు. నవ్వులు ఆగకముందే గంట కొట్టేలా చూసుకుంటాను, మిగతా సగం చెప్పే పని ఉండదు.

ఈ ఎండాకాలం పేపర్లు దిద్దడానికి కడప పోయాను. సందులో భాయ్ కనిపించాడు. గడ్డం తెల్లబడింది. అదే కొట్లో ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. నన్ను గుర్తుపట్టి టీ తెప్పించాడు. మెషీన్లు ఏమయ్యాయని అడిగాను.

"మూడు పాతసామాన్లోడు ఎత్తుకపాయె. విమానం ఒకటి ఇంట్లో ఉండాది. పని చెయ్యదు. మా చెల్లెలు అమ్మనియ్యలేదు. ఇప్పుడు ఈడనే ఉండాది, స్కూల్లో లెక్కల టీచరు. రా అప్పా, చూద్దువు."

పోకుండా ఉండటానికి కారణాలు వెతికాను. దొరకలేదు. చెప్పాల్సిన మాట ఒకటి ముప్పై ఏళ్ళుగా చెప్పకుండా ఉండిపోయింది. ఈసారి జోకు లేకుండా చెబుదామనుకున్నాను.

ముందుగదిలో మూలన ఉంది మెషీను. తెర మీద పూల గుడ్డ కప్పారు. గుడ్డ మీద పిల్లల పరీక్ష పేపర్ల కట్టలు. ఆమె కుర్చీలో కూర్చొని దిద్దుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి తల పంకించింది. భాయ్ టీ చెప్పడానికి లోపలికి పోయాడు.

"మేడమ్," అన్నాను. "ఆ పొద్దు మీ సంగతి బయట పెట్టింది నేనే."

"తెలుసు. తెలిసింది నీ ఒక్కనికే గదా, ఇంకెవురు చెప్తారు?"

"తప్పే. జోకు కోసం నోరు జారినా. ఇప్పటికీ బాధగానే ఉండాది."

ఆమె చేతిలో పేపరు కింద మార్కులు కూడి, వేసి, పక్కన పెట్టింది.

"ఆ పొద్దు నీకెంత వచ్చింది?"

"తొంభై ఒక వెయ్యి ఆరు వందలు."

"నాకు?"

"తొంభై రెండు వేల నాలుగు వందలు."

అన్నాకగానీ, ఆలోచించుకోకుండా రెండూ చెప్పేశానని తెలియలేదు. ఆమె ఇంకో పేపరు ముందుకు లాక్కుంది.

"జోకు కాదులే. నన్ను గెలవలేక చెప్పినావు."