మెదక్‌లో మబ్బు పట్టినా ఉడికిన పప్పు

మా మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. అయినా అవి వీధి లైనుకు కలిపినవి కావడంతో, వీధిలో కరెంటు పోతే అవీ ఆగిపోతాయి, నా ఇండక్షన్ పొయ్యీ ఆగిపోతుంది. అంత ఎండలో వంట ఆగడమేమిటని విసుక్కుంటుంటే, మెదక్‌లో సత్తెమ్మ అనే టైలరు బ్యాటరీ లేకుండా ప్యానెల్ కరెంటుతో నేరుగా వండుతోందని స్నేహితురాలు చెప్పింది. ఫోన్ చేస్తే, "ఆదివారం రా అక్కా. చుట్టాలొస్తుండ్రు, పెద్ద వంటే చూస్తవు" అంది.

ఉదయం ఆరింటికి హైదరాబాద్ బాలానగర్‌లో బస్సెక్కి, నర్సాపూర్ అడవి దాటి, ఎనిమిదిన్నరకు మెదక్‌లో దిగాను. టికెట్ నూట యాభై లోపే. ఆటోకు నలభై. "సోలార్ వంట సత్తెమ్మ ఇల్లా? ఆమెను జూసి మస్తు మంది నవ్విండ్రు" అన్నాడు డ్రైవరు.

డాబా మీద రెండు ప్యానెళ్లు. కిటికీలోంచి దిగిన తీగలు రెండు చిన్న హీటర్లకు చేరాయి. వాటి మీది గిన్నెల చుట్టూ, వేడి బయటికి పోకుండా ఊక బూడిద దట్టించిన రేకుపెట్టెలు. తొమ్మిదింటికి సత్తెమ్మ ఒక గిన్నెలో పోపు వేసి, నానిన కందిపప్పు, సొరకాయ ముక్కలు, నీళ్లు పోసింది. రెండో దాంట్లో ఎనిమిది మందికి సరిపడా బియ్యం. పదిన్నరకు రెండూ తుకతుకమన్నాయి. కాసేపటికే మబ్బు కమ్మింది. గిన్నెల్లో చప్పుడు ఆగిపోయింది.

గడపలో కూర్చున్న అత్తగారు బాలమ్మ లేచి వచ్చింది. "గ్యాస్ ముట్టియ్యి. ఉడకని బువ్వ పెడితే మా అన్న ముంగట ఇజ్జత్ పోతది."

"జర ఆగు అత్తమ్మా. ఉడకకుంటే నేనే ముట్టిస్త."

నా చెయ్యి మూత మీదికి పోయింది. "తియ్యకు అక్కా! వేడంత ఆడనే ఉన్నది" అంది సత్తెమ్మ. గొంతు ధైర్యంగానే ఉంది కానీ, వేళ్లు కొంగును మెలిపెడుతూనే ఉన్నాయి.

పన్నెండున్నరకు రేగోడ్ నుంచి చుట్టాలు దిగారు. మబ్బు ఇంకా వీడలేదు. సత్తెమ్మ మూతలు తీసింది. ఆవిరి ముఖానికి కొట్టింది. బాలమ్మ ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపింది. మెత్తగా నలిగింది. పప్పు నాలుకకు రాసుకుని చూసి, బయటికి నడిచి గట్టిగా చెప్పింది: "అన్నా, నా కోడలు ఎండతోని వండింది. గ్యాస్ ముట్టియ్యనే లేదు!"

ఆ పెద్దాయన మూడోసారి పప్పు వడ్డించుకుని, "మా ఇంట్ల గూడ గిట్ల పెట్టిస్తవా బిడ్డా?" అని అడిగాడు. సత్తెమ్మ నా వైపు చూసి నవ్వేసింది.

తిరుగు బస్సులో నా కడుపూ మనసూ నిండుగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎండ ఎంత వస్తుందనే చూసుకున్నాను. వచ్చిన వేడిని నిలుపుకోవడం గురించి ఆలోచించనే లేదు. ఊరు నవ్వుతున్నా ఒక మనిషి తన వంటగదిలో కూర్చుని దాన్ని సాధించింది. మీరూ మొదలుపెడితే ఒక జాగ్రత్త: మామూలు గోడ స్విచ్ వాడకండి, ప్యానెల్ కరెంటుకు అది కాలిపోతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో డీసీ స్విచ్ పెట్టించుకున్నాకే గిన్నె ఎక్కించండి.