బాత్రూమ్‌లో సన్నటి వెలుతురు

పుంగనూరులో మా బాత్రూమ్ బల్బుకు ఫ్యాన్ రెగ్యులేటర్ బిగించి ఉండేది. కంటి ఆపరేషన్ అయిన అమ్మకు పెద్ద వెలుతురు పడదు కాబట్టి దాన్ని తిప్పి తగ్గించుకునేది. ఆ పాత బల్బు పోతే ఎల్‌ఈడీ పెట్టాను. తగ్గించగానే అది రెపరెపలాడింది.

"కండ్లు తిరగతాండాయప్పా. సీకట్లోనే నీళ్లు పోసుకుంటాలే," అంది అమ్మ.

తడి నేల మీద, చీకట్లోనా? మర్నాడే మదనపల్లె లైబ్రరీకి పోయి కరెంటు పనుల పుస్తకం తిరగేశాను. వెలుగు తగ్గించుకోడానికి వీలైన ఎల్‌ఈడీలు వేరే ఉంటాయనీ, వాటికి తగిన డిమ్మర్ అనే రెగ్యులేటర్ కావాలనీ చదివాక ఇక కుర్చీలో కూర్చోలేకపోయాను. రెండూ ఆ ఊళ్లోనే కొనుక్కొచ్చి, మెయిన్ ఆపి నేనే బిగించాను.

అమ్మ మెల్లగా తిప్పింది. వెలుగు కదలకుండా సన్నగిల్లింది.

"యాడ నేర్చినావప్పా ఇదంతా?"

"లైబ్రరీలోమ్మా. ఆ పుస్తకంలో ఇంకా..."

"మళ్లీ సెబుదువులే. తలుపేసి పో, నీళ్లు సల్లారతాండాయి."