చాచా చాయ్ గ్లాసు

డోర్నకల్‌లో మా పక్క దుకాణం చాచాను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను పని మొదలుపెట్టగానే వచ్చి, నా చిన్న లేత్ మిషన్ ఉన్న బల్ల మీద చాయ్ గ్లాసు పెట్టేవాడు. తాగకుండా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. ముప్పై ఏళ్లు లేత్ నడిపిన మనిషి, నాకొక్క మాట సాయం చెయ్యడే!

తెలంగాణ ఉద్యమం రోజులవి. మర్నాడు బంద్, దుకాణాలన్నీ మూతే. ఒక రైతు మోటారులో ఇరుసుకు తొడిగే చిన్న లోహపు గొట్టం, బుష్, కావాలి, పొలం ఎండుతోంది. కడ్డీ నుంచి బుష్‌ను కోసి వేరుచేసేటప్పుడే మిషన్ గడగడ వణికేది, బ్లేడు పుటుక్కున విరిగేది. పదును మార్చాను, వేగం తగ్గించాను. అయినా రెండు బ్లేడ్లు పోయాయి. మిగిలింది ఒక్కటే. అదీ వణకడం మొదలుపెట్టింది.

"ఏం జెయ్యాలె చాచా?" అని అరిచాను.

"చాయ్ జూడు బేటా."

గ్లాసులో చాయ్ తొణికిపోతోంది. మిషన్‌తోపాటు బల్లే ఊగుతోంది. దాని కాలొకటి నేలకు ఆనడం లేదు. మిషన్ ఆపి, కాలి కింద ఇనుప రేకు దూర్చి, బోల్టులు బిగించాను. ఈసారి బుష్ నున్నగా తెగి పడింది.

"గీ ముక్క ముందే చెప్తే ఏంబోయె చాచా?"

"రోజూ నీ ముంగటనే పెడుతున్న గద" అని, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి వెళ్లిపోయాడు.