మేకులు మార్చుకున్న మగ్గం

"మా అత్త నిన్న సాయంత్రం పాయ చిన్నత్తా" అన్నాడు పులివెందుల నుంచి వచ్చిన మా బావగారి అల్లుడు, మా గడప దాటకుండానే. పోయినామె నా తోడికోడలు, మా ఆయన అన్న భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఏడ్చాను. ఏడుపు ఆగాక చూసుకుంటే, ఆమె మీద ఇన్నేళ్లూ ఉన్న అసూయ అట్లాగే ఉంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను జమ్మలమడుగుకు కాపురానికి వచ్చాను. గోడకు అటు వాళ్ల మగ్గం, ఇటు మా మగ్గం. మా ఇళ్లల్లో ఆడవాళ్లమూ నేసేవాళ్లం. కొన్నాళ్లకు వీధిలో జకార్డుల మోజు మొదలైంది. మగ్గం మీద ఆ యంత్రం బిగించి, రంధ్రాలు కొట్టిన అట్టల దండ తగిలిస్తే అంచులో మామిడి పిందెలు వాటంతట అవే పడతాయి. అందరూ పెట్టించారని మేమూ పెట్టించాం. ఆమె మాత్రం డాబీ అనే చిన్న పెట్టె తెచ్చుకుంది. అందులో చెక్క పట్టీలకు మేకులుంటాయి. మేకు ఉన్నచోట దారాలు లేస్తాయి, లేనిచోట లేవవు.

"ఊరంతా జకార్డు పెట్టుకుంటాంటే నీకిదేంది అక్కా?" అన్నాను.

"అట్టలు ఎవురో కొట్టిస్తారు, మనం తొక్కేదే. ఈడైతే మేకు పీకి ఇంకో తావున పెడితే ఏమైతాదో నేనే సూసుకోవచ్చు."

"అమ్ముడుపోకుంటే?"

"ఇప్పి మళ్లా పెడతా. మేకులకేమన్నా నొప్పా?"

నలుగురూ పోతాండారని పోతే దోవ తెలుస్తాది గానీ ఊరు తెలీదు అనేది ఆమె. నాకు ఒళ్లు మండేది. ఆమె కూనిరాగం గోడ దాటి వచ్చేది. "మా వదిన నేస్తాంటే పాట, నువ్వు నేస్తాంటే సణుగుడు" అని మా ఆయన నవ్వేవాడు.

ఒకసారి ఇద్దరం చీరలు తీసుకుని ప్రొద్దుటూరు పోయాం. ఇంట్లో బియ్యం అయిపోవస్తున్నాయి. వ్యాపారి నా చీర చూసి, "పిందెలంచు ఇంటింటా ఇదే కదమ్మా, ఎవురు కొంటారు?" అని పక్కన పెట్టాడు. ఆమె అంచు చూసి, "ఇదేంది, పాము పాకినట్లుండాది!" అన్నాడు. ఇద్దరి చీరలూ వెనక్కే వచ్చాయి.

తిరుగు బస్సులో నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఆమె చీర ఒళ్లో పరుచుకుని అంచు మీద వేలు జరుపుతోంది. "ఇదో, ఈ మలుపు కాడ మేకు ఎక్కువైనాదే" అంది. ముఖంలో సంతోషం! నష్టం ఇద్దరిదీ. ఇల్లు చేరాలన్న తొందర మాత్రం ఆమెదే. ఆ తొందర నాకెందుకు లేదని ఆ రోజు కుళ్లుకున్నట్టు ఇంకెప్పుడూ కుళ్లుకోలేదు.

సరిచేసిన అంచు సింహాద్రిపురం పెళ్లివారికి నచ్చింది. అట్లాంటివే మరికొన్ని కావాలని వాళ్లు వచ్చేసరికి ఆమె మేకులన్నీ మార్చేసింది.

"శానా బాగుండె గదక్కా, ఉంచుకోవాల్సింది!" అని కేకలేశాను.

"అది తెలిసిపాయ గదే. ఇంకేముండాది దాంట్లో?"

ఆమె మాకంటే ఎక్కువేమీ సంపాదించలేదు. అయినా పొద్దున్నే మగ్గం గుంటలోకి పుట్టింటికి పోతున్నట్టు దిగేది. నేను పనికి దిగేదాన్ని.

ఆయాసం ముదిరాక కూతురి దగ్గరికి పులివెందులకు బయలుదేరుతూ మా ఇంట్లోకి వచ్చింది. "నీ జకార్డు ఒక తూరి తొక్కవే, సూస్తా" అంది. అప్పటికి మా అట్టలు పాతబడి, ఆ పిందెలను అడిగేవాళ్లే లేరు. అన్నేళ్లు దాని కింద కూర్చున్నానే గానీ నేను తల ఎత్తి చూసింది లేదు. ఆమె గోడకు ఆనుకుని, ఊపిరి అందకపోయినా తల పైకెత్తింది.

తొక్కాను. అట్టలు ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. మిద్దె కప్పుకున్న గవాచిలోంచి పడే ఎండ ఆ రంధ్రాల గుండా ఆమె నుదుటి మీద, చెంపల మీద చుక్కలు చుక్కలుగా జారుతోంది.

"మళ్లా తొక్కు" అంది, కళ్లు దించకుండా.